వెనక రెండు గదులు

మాచర్లలో ఆ వీధికి ఇళ్ళు కొలిచేవాళ్ళు వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి మాబున్నీసా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. వీధిలో మిగతావాళ్ళకూ కుదురు లేదు గానీ, వాళ్ళ కంగారు వేరు. ఒకే కొలత ఇళ్ళకు ఒకరికి తక్కువ పన్ను, ఇంకొకరికి ఎక్కువ పన్ను ఏమిటని జనమే గోల పెట్టారు. సరే, ఇల్లిల్లూ మళ్ళీ కొలిచి సరిచేస్తామంది మున్సిపాలిటీ. తీరా చూస్తే ఆ గోల పెట్టినవాళ్ళే ఇప్పుడు దాచుకునే పనిలో పడ్డారు. ఎదురింటి ప్రమీలమ్మ కిరాణా కొట్టు బోర్డు విప్పి మంచం కిందికి తోసింది. మేడ మీద అద్దెకున్నవాళ్ళను ఎవరైనా అడిగితే చుట్టాలమని చెప్పమంది. న్యాయం కావాల్సిందే, కాకపోతే అది పక్కింటి నుంచి మొదలవ్వాలి.

తన ఇల్లు కొలిస్తే బాగుండునని ఎదురుచూస్తున్నది ఆ వీధి మొత్తానికి మాబున్నీసా ఒక్కతే.

ఆమె పుట్టిల్లు క్రోసూరు. అబ్దుల్ రహీమ్‌ను చేసుకుని మాచర్ల వచ్చింది. రహీమ్ నాపరాళ్ళు పరిచే మేస్త్రీ. ఊళ్ళో ఎందరి ఇళ్ళకో అద్దంలాంటి గచ్చు పరిచాడు గానీ, తాను మాత్రం తండ్రి ఇంటి వెనక రేకుల కింద కాపురం పెట్టాడు. చాన్నాళ్ళకు ఆ రేకులు పీకేసి రెండు గదులూ, ముందొక వసారా కట్టుకున్నాడు. ఊరందరి ఇళ్ళలో మిగిలిన రాళ్ళు తెచ్చి పరిచాడు కాబట్టి ఆ గచ్చులో ఒక రాయి రంగు ఇంకో రాయికి ఉండదు. తండ్రి పోయినప్పుడు ఇంటి నంబరు తమ్ముడు రఫీక్ పేరు మీదికి మారింది. అన్నదమ్ముల్లో ఎవరి పేరైతే ఏంది అన్నాడు రహీమ్. మంచివాళ్ళు చేసే తప్పులు ఇలాగే ఉంటాయి, వాళ్ళు పోయాక పెళ్ళాలు మోయాలి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి రహీమ్ పోయాడు. అప్పటినుంచి మాబున్నీసా మిర్చికి తొడిమలు తీసే కూలికి పోయి బతుకుతోంది.

రఫీక్‌కు వీధి వైపు బైకులు బాగుచేసే షెడ్డు ఉంది. చెడ్డవాడని అనలేం, ఎంత చోటున్నా చాలదనే మనిషి. మొదట అన్న వసారాలో ఒక పాత బైకు పెట్టాడు. తర్వాత టైర్లు వచ్చాయి, వాటి వెనక ఆయిల్ డబ్బాలు వచ్చాయి. ఏకు మేకైనట్టు, పోయిన రంజాన్ తర్వాత అసలు మాట బయటపెట్టాడు. భాభీ క్రోసూరు వెళ్ళి పుట్టింట్లో తన అన్న దగ్గర ఉండొచ్చునట, తాను గదులు పడగొట్టి గోడౌన్ వేసుకుంటాడట. మీ అన్న కట్టిన గదులయ్యా అంటే, "అన్న కట్టడమేంది, నాయన కట్టించాడు. ఇల్లు నా పేరు మీదే ఉందిగా" అన్నాడు. ఆ మాట ఆమెకు గదులు పోవడం కన్నా ఎక్కువ మండింది. దుమ్ము మింగి చచ్చిన మనిషిని ఇంకోసారి చంపినట్టయింది.

అందుకే, కొలిచేవాళ్ళ చేత ఆ గదులు తన పేరున వేరే రాయించుకోవాలని, కూలి మానుకుని కూర్చుంది. కూర్చుంది అనడం మాటవరసకే. వీధి చివరిదాకా వెళ్ళి చూసి రావడం, వార్డు సచివాలయానికి పోయి మా వీధికి ఎప్పుడు వస్తారని అడగడం, వచ్చి పొయ్యి మీద టీ పొంగిపోయిందని తనను తానే తిట్టుకోవడం. వాళ్ళు వస్తే ఏం చెప్పాలో మనసులో వల్లెవేసుకునేది. పేరు రఫీక్‌ది, నంబరు రఫీక్‌ది, తన మాట ఎవరు నమ్ముతారు? అక్కడికి రాగానే మళ్ళీ లేచి వీధిలోకి పోయేది.

ఎట్టకేలకు వచ్చారు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు సుధాకర్, ఆయన వెంట ట్యాబ్ పట్టుకుని ఒకమ్మాయి. షెడ్డు కొలిచారు, ముందున్న ఇల్లు కొలిచారు, వెనక్కి వచ్చారు. మాబున్నీసా నోరు తెరిచేలోపే సుధాకర్ వసారా నిండా ఉన్న బైకులూ టైర్లూ చూసి, ఇది కూడా దుకాణమే కదా అన్నాడు. షెడ్డుతో కలిపి వెనకదంతా దుకాణం లెక్కలోనే రాయమన్నాడు. దుకాణానికి పన్ను ఎంత పడుతుందో రఫీక్‌కు తెలుసు. పరుగెత్తుకొచ్చాడు.

"సార్, సార్, అయ్యి నాయి కాదు. మా వదినెయ్యి. ఆమె కాపురం ఉంటది."

మరి నంబరు నీ పేరునే ఉందే, ఎవరు కట్టించారని అడిగాడు సుధాకర్.

"మా అన్న సార్. సొంత కష్టంతో కట్టుకున్నాడు. కావాలంటే ఈదిలో ఎవర్నన్నా అడగండి. నాకేం సంబంధం లేదు."

వీధిలో సగం మంది అప్పటికే ఆ వసారా ముందున్నారు. ప్రమీలమ్మ, ఎక్కడలేని ధర్మం గుర్తొచ్చినట్టు, అవును సార్ రహీమే కట్టాడు అంది. అయితే వేరే నంబరు వేసి ఈమె పేరున పన్ను కట్టాలన్నాడు సుధాకర్. పన్ను రసీదు ఉన్నంత మాత్రాన అది పట్టా అయిపోదని కూడా చెప్పి, కట్టగలవా అమ్మా అని అడిగాడు.

"కడతా సార్. నాకే వెయ్యండి."

రఫీక్‌కు అప్పుడు వెలిగింది. మాట వెనక్కి తీసుకుంటే దుకాణం పన్ను, తీసుకోకపోతే గోడౌన్ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మాబున్నీసా మరిది వైపు తిరిగింది. "కట్టించింది ఎవరో ఇంకోసారి చెప్పు రఫీకూ. సారు సరిగ్గా ఇన్నాడో లేదో."

రఫీక్ కాళ్ళ కిందున్న ఆ రంగురంగుల గచ్చు వైపు చూశాడు. "మా అన్న" అన్నాడు. ఈసారి అది పన్నుకు భయపడి అన్న మాట కాదు.

మాబున్నీసా ఆ టైర్ల పక్కనే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. రహీమ్ పోయిన రోజు కూడా ఆమె అంతసేపు ఏడవలేదు.