పాలక్క చెప్పిన అర్థం

ఆ రోజు నేను ఒక మంచి జవాబును ఎగతాళి చేశాను.

ఛత్రినాకలో పెద్దవాళ్లకు పదో తరగతి పాఠాలు చెప్పేవాణ్ణి. పాలమ్మే అక్క ఒకామె వచ్చేది. చేతులు కొంగుకు తుడుచుకోనిదే పుస్తకం ముట్టేది కాదు. రెండు దారుల ముందు ఆగిన బాటసారి గురించిన పాత పద్యానికి ఆమెను అర్థం అడిగాను.

“ఏ దారైనా గంతే సార్. పోయినంక దాన్ని మంచిగ జేసుకునుడే మన పని,” అంది.

“గైడ్‌ల గట్ల లేదక్కా,” అని నవ్వాను. క్లాసంతా నవ్వింది. పరీక్ష దగ్గరపడుతున్నా, మర్నాటి నుంచి ఆమె రాలేదు.

ఆమె కొట్టానికి వెళ్లి, “తప్పు నాదే అక్కా,” అన్నాను.

“ఏంది సార్, బర్రెల ముంగట ఒప్పుకుంటే ఎట్ల? క్లాసుల చెప్పుండ్రి,” అని పకపకా నవ్వింది.

ఆ సాయంత్రం ఆమె క్లాసుకొచ్చాక, తప్పు నాదేనని అందరి ముందూ చెప్పాను. సుద్దముక్క ఆమె చేతికిచ్చి, వెనక బెంచీలో కూర్చుని ఆ పద్యానికి అర్థం రాసుకున్నాను.