తొలికాయ మౌనం

ఆ రోజుల్లో మా ఇంట్లో నా భక్తికి పోటీ లేదు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, పద్దెనిమిదేళ్లకే నేను డెబ్బై ఏళ్ల పెద్దావిడలా బతికేదాన్ని. తెల్లవారకముందే స్నానం, దీపం, శనివారం ఒంటిపూట. (ఆ ఒంటిపూటలో ఎన్ని ఇడ్లీలు తినేదాన్నన్నది ఇక్కడ అప్రస్తుతం.) ఇంత నిష్ఠకీ నాకు దక్కింది ఒకే ఒక్క పదవి. నూజివీడు దగ్గర మా మామిడితోటలో ఏటా మొదట కోసిన రసాలను వరిగడ్డిలో మాగేసి, అవి పండాక బుట్టలో పెట్టి ఆగిరిపల్లి కొండమీద స్వామికి ఇచ్చి రావాలి. అందాకా ఇంట్లో ఎవరూ పండు నోట పెట్టకూడదు. ఆ బుట్ట పట్టుకెళ్లే పని నా పదో ఏటి నుంచీ నాదే. ఆటోలో బుట్ట ఒళ్లో పెట్టుకుని వెళ్తుంటే, స్వామి పైన నాకోసమే ఎదురుచూస్తున్నాడని గట్టి నమ్మకం ఉండేది.

ఆ వేసవిలో మా మేనత్త కూతురు విజయవాడ నుంచి దిగింది. నాకంటే ఏడాది పెద్ద, కాబట్టి వదిన. ఎనిమిదింటికి లేచేది, లేవగానే కాఫీ, స్నానం సంగతి మధ్యాహ్నం చూసుకునేది. దేవుడి గదిలోకి ఆవిడ వెళ్లడం నేను చూసింది ఒక్కసారే, అదీ ఫోన్ చార్జింగ్ పెట్టుకోడానికి అక్కడి ప్లగ్గు ఖాళీగా ఉందని. అలాంటి మనిషి సాయంత్రమయ్యేసరికి తోటలో షెడ్డు కింద రాలిన కాయలు ఏరే ఆడవాళ్ల మధ్య చతికిలబడి పురాణాలు అందుకునేది. రాక్షసులు, శాపాలు, మారువేషాలు. వినేవాళ్ల చేతుల్లో కాయలు చేతుల్లోనే ఉండిపోయేవి. నా ఒంటిపూటలన్నిటికీ సాక్షి అయిన మా నాయనమ్మ కూడా అక్కడే మడతకుర్చీ వేయించుకుని, పిలిచినా పలికేది కాదు.

ఒకరోజు ఉండబట్టలేక అందరి ముందూ అడిగేశాను. "ఇదంతా ఏ పుస్తకంలో ఉంది వదినా?"

"ఏమో మరదలా, నాకైతే ఇలా గుర్తుంది" అంది తొణక్కుండా.

"ఒక్కనాడు దీపం పెట్టవు. నీకెందుకు దేవుడి కథలు?"

"నువ్వు ఆయనకి దణ్ణం పెడతావు. నేను ఆయన కబుర్లు చెబుతాను. రెండూ ఆయన పనేగా."

రెండూ ఒకటెలా అవుతాయి? దణ్ణం పెట్టాలంటే చన్నీళ్లు పోసుకోవాలి, ఆకలికి ఓర్చుకోవాలి. కబుర్లకి ఏం కావాలి, నోరుంటే చాలు. కాయ సొన పెదవికి తగిలితే ఎలా మండుతుందో, ఆవిడ మాటకి నాకలా మండింది. మర్నాడు నేనే కథ చెబుతానని కూర్చున్నాను. ఏ వారం ఏం తినకూడదో, ఏ పువ్వు ఏ దేవుడికి పనికిరాదో పావుగంట సేపు చెప్పాక, ఎదురుగా కాయలు ఏరుతున్న ఒకావిడ ఎంతో మర్యాదగా, "అమ్మాయిగారూ, మరి కథ ఎప్పుడు మొదలవుద్దండీ?" అంది. అందరికంటే గట్టిగా నవ్వింది మా నాయనమ్మ. ఆ నవ్వు ఊపులోనే, "ఈ ఏడు తొలికాయ బుట్ట మీ వదిన పట్టుకెళ్తుందే. ఏటా నువ్వేగా" అనేసింది.

మర్నాడు మధ్యాహ్నం నేను అన్నం తినలేదు. (ఉపవాసం అనుకున్నారు.) ఉన్న ఒక్క పదవీ ఊడిపోతోంది, అదీ దణ్ణం పెట్టడం కూడా సరిగ్గా రాని మనిషి చేతిలోకి. అప్పుడు నా బుర్రకి ఒక ఉపాయం తట్టింది. వదిన బలమంతా నోట్లోనే ఉంది కదా, ఆ నోటికే తాళం వేస్తే సరి. సాయంత్రం తొలి రసాలు కోసి మాగేస్తుంటే నాయనమ్మ దగ్గరికెళ్లి, "చెప్పడం మర్చిపోయాను. కాయ కోసిన దగ్గర్నుంచీ స్వామికి ఇచ్చేదాకా బుట్ట పట్టుకెళ్లే మనిషి మాట్లాడకూడదంట. కొండమీద పూజారిగారు పోయినేడు చెప్పారు" అన్నాను. కాయ పండడానికి అయిదు రోజులు. వదిన అయిదు నిమిషాలు కూడా ఆగలేదని నా లెక్క. నాయనమ్మ గబగబా చెంపలేసుకుంది. వదిన నావైపు ఒకసారి చూసి, తల ఊపి, నోరు మూసుకుంది.

నిజంగానే మూసుకుంది. కాకపోతే మర్నాడు సాయంత్రం షెడ్డులో తలకి చుట్టిన తువ్వాలు విప్పి, ఒక కొస నలుగురు ఆడవాళ్లకి, రెండో కొస ఇంకో నలుగురికి ఇచ్చి, నోరు మెదపకుండా సముద్రం చిలికించింది. విషం పుట్టినప్పుడు ఆవిడ గొంతు పట్టుకుని గుడ్లు తేలేస్తే, పక్క తోటలో పనివాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారు. అది చాలదన్నట్టు, "ఏమంటన్నారండీ ఆవిడ? మీరు చెప్పండి అమ్మాయిగారూ" అని నా ప్రాణం తీశారు. నాలుగు రోజులు వదిన సైగలకి నేను మాటలు కట్టాను. ఇంకొకరైతే సిగ్గుతో చచ్చేవాళ్లు. నాకు మాత్రం మూడోరోజుకల్లా, ఇంకా బాగా చెప్పాలనిపించసాగింది. అది ఎవరికీ తెలియకుండా జాగ్రత్తపడ్డాను.

అయిదో రోజు ముగ్గురం కొండెక్కాం. బుట్ట వదిన చేతిలో, నాయనమ్మ చెయ్యి నా చేతిలో. గుడి ముందు నాయనమ్మ చేతులు జోడించి, "అయిదు రోజులుగా పిల్ల నోరు విప్పలేదండీ, తమరు చెప్పినట్టే" అంది.

"నేను చెప్పడమేంటమ్మా? ఏం చెప్పాను?" అన్నారు పూజారిగారు.

 పిల్లల అబద్ధాలు నాయనమ్మ చూసీ చూడనట్టు వదిలేసేది గానీ, దేవుడి పేరు చెప్పి ఆడినదాన్ని జన్మలో క్షమించదు. బుట్టే కాదు, ఆ ఇంట్లో నా మాటకున్న విలువ కూడా పోయేలా ఉంది. నాయనమ్మ మెల్లగా నావైపు తిరుగుతోంది. వదిన బుట్ట పూజారిగారి చేతికిచ్చి, నియమం తీరిపోయింది కాబట్టి నోరు విప్పింది.

"పూజారిగారు కాదు అమ్మమ్మా, చిలక చెప్పింది. పూర్వం తోటలో మొదటి పండు స్వామికిద్దామని ఒక చిలక ముక్కున కరుచుకుని బయల్దేరింది. దారిలో కాకి, కోతి, ఆఖరికి రాజు కూడా, ఏంటది, ఎక్కడికి అని అడిగారు. బదులు చెబితే ముక్కు తెరవాలి, తెరిస్తే పండు జారిపోద్ది. ఎవరెన్ని తిట్టినా మాట్లాడలేదు. స్వామి ముచ్చటపడి ఆ ముక్కు గుర్తు కాయకే పెట్టేశాడు. రసం కాయకి ముక్కు ఎందుకుందనుకున్నావు మరి? మరదలు చెప్పిందీ అదే, నువ్వే పూజారిగారు అనుకున్నావు."

పూజారిగారు ఒక పండు తీసి దాని ముక్కు వైపు తిప్పి చూసుకున్నారు. "బాగుందమ్మా. ఎక్కడిది ఈ కథ?"

"ఏమోనండీ, నాకైతే ఇలా గుర్తుంది."

మెట్లు దిగేటప్పుడు, నీకెప్పుడు తెలిసిందని గుసగుసగా అడిగాను. "మౌనం గురించి చెబుతున్నప్పుడు నీ మొహంలో ఉన్న సంతోషం భక్తిది కాదులే" అంది. ఆ క్షణంలో నాకు కృతజ్ఞత కలగాలి. కలిగింది కూడా, కాస్త. మిగిలినదంతా కుళ్లే. అంత కథ అంత తొందరగా ఎలా పుట్టిందా అని.

పోయిన వేసవిలో మళ్లీ ఆ కొండకి వెళ్లాను. మెట్ల మీద ఒక చిన్నపిల్ల రసాల బుట్ట పట్టుకుని పోతుంటే, ఎవరమ్మాయివి అని అడిగాను. పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. వెనకొస్తున్న తల్లి, "మాట్లాడదండీ, తొలికాయ కదా" అంటూ చిలక కథంతా చెప్పుకొచ్చింది. కాకి, కోతి, రాజు, ఒక్కరు కూడా తగ్గలేదు.  "ఎవరు చెప్పారమ్మా ఇది?" అన్నాను.

"కథాండీ? నూజివీడు దగ్గర ఒక తోటలో విజయవాడ అమ్మాయిగారు ఒకరు చెప్పేవారంట, మా అమ్మ అక్కడి షెడ్డులోనే కాయలేరేది."

"మరి ఆ మౌనం నియమం ఎవరు పెట్టారు?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "నియమం ఒకరు పెడతారేంటండీ, అది దేవుడిదేగా."

అక్కడే నిలబడి వదినకి ఫోన్ చేసి అంతా చెప్పాను. కాసేపు నవ్వి, "ఇంకా కుళ్లుకుంటున్నావా మరదలా?" అంది. ఛ, లేదన్నాను. ఆ స్వామి సాక్షిగా నేనాడిన రెండో అబద్ధం అది.