చెల్లె చెయ్యి పట్టుకున్న ఖాజాబీ అక్క

నిన్న పొద్దుగాల దుకాణం షట్టర్ లేపుతుంటే మేనకోడలు సరిత ఫోన్ చేసింది.

"మామా, గాజులవ్వ పోయింది."

ఫోన్ పెట్టేసిన. శక్కర అడిగినామెకు ఉప్పు కట్టిచ్చిన. ఆమె వాపస్ తెచ్చేదాక సోయి లేదు.

గాజులవ్వ అంటే ఖాజాబీ అక్క. మా మోత్కూర్ దోస్తులకు ఆమె తెల్వదు. కేతేపల్లిల ఇల్లిల్లు తిరిగి గాజులు తొడిగేది. మా చెల్లె యాదమ్మను గా ఊరికే ఇచ్చినం.

ఎనభైల ముచ్చట.

చెల్లెను మొగడు కొట్టేటోడు. బిడ్డను సంకనేసుకొని మా ఇంటికొచ్చేది. నాలుగు దినాలు ఉంచుకొని, చీర పెట్టి, నేనే బస్సెక్కించి తోలిచ్చి వచ్చేటోణ్ణి. అన్న అన్నంక గదే పని అనుకున్న.

తోలిచ్చినప్పుడల్లా ఆ ఇంట్ల కోడికూర వండేటోళ్లు. తిని వచ్చేటోణ్ణి.

ఒకసారి గట్లనే తిని బస్‌స్టాండ్ల నిలబడ్డ. అక్క వచ్చి గంప దించింది.

"ఏం తమ్మీ, చెల్లెను దింపి పోతున్నవా?"

"అవునక్కా."

"అన్నం మంచిగ పెట్టిన్రా?"

"పెట్టిన్రు."

"మొన్న నీ చెల్లెకు గాజులు ఎక్కలే తమ్మీ. మణికట్టు వాచింది. నువ్వు చూడలేదా?"

నాకు కోపమొచ్చింది. "మా ఇంటి ముచ్చట నీకెందుకు? నీ గాజులు నువ్వు అమ్ముకో" అన్న.

"అమ్ముకుంటనే ఉన్న. చెయ్యి సక్కగుంటే గద, తొడిగేది" అని గంపెత్తుకొని పోయింది.

ఇంకో మాట గూడ చెప్పాలె.

నేను బడికి పోలే. పొట్లాలు కట్టే పాత పేపర్లు చూసి చదువు నేర్చుకున్న. మొగడు కొడితే కేసు పెట్టే కానూన్ కొత్తగ వచ్చిందని గా పేపర్లనే చదివిన.

చదివి, అందుల పప్పు పొట్లం కట్టిన.

చెల్లెకు చెప్పలే.

అక్కకు గా ముచ్చట ఇంకెవరో చెప్పిన్రట. యాదమ్మను, పిల్లను ఎంటబెట్టుకొని పోలీస్ స్టేషన్‌కు పోయింది. కేసు రాసుకునేదాక ఆడికెళ్లి లేవలేదట.

ఊరి పెద్దమనుషులు రాజీ అన్నరు. కేసు వాపస్ తీస్కుంటే సరి, లేకుంటే పిల్లను తండ్రికి ఇడిచిపెట్టాలె. చెల్లెను ఒప్పిద్దామని నేను వాళ్ల దిక్కే నల్లగొండ కోర్టుకు పోయిన.

నన్ను చూసి ఐదేండ్ల సరిత ఉరికిపోయి అక్క కొంగు ఎనుక దాక్కుంది.

మామ మళ్ల బస్సెక్కిస్తడనుకుంది.

నేను రాజీ మాట ఎత్తలే. తిరిగొచ్చిన.

అక్క బోనెక్కి, కండ్లతో చూసింది చెప్పింది. పిల్ల తల్లి దగ్గర్నే ఉండాలె, ఖర్చులకు తండ్రి ఇయ్యాలె అని కోర్టు చెప్పింది.

కేతేపల్లిల శానా ఇండ్లల్ల అక్కను గడప తొక్కనియ్యలే. సంతలల్ల తిరిగి అమ్ముకుంది. యాదమ్మ ఆమె ఇంటి పక్కనే అర్ర కిరాయికి తీసుకొని, బీడీలు చేసి బిడ్డను సాదింది. మా ఇంటికి రాలే. రమ్మనే మొఖం నాకు లేదు.

సరిత పెండ్లిల గాజులు అక్కనే తొడిగింది. నన్ను చూసి, "అన్నం తిన్నవా తమ్మీ?" అని అడిగింది. ప్రేమతో అడిగిందో, పాత ముచ్చట యాదిజేసిందో ఇప్పటికీ తెల్వదు. తలూపిన. గప్పుడన్నా తప్పైందని అనొచ్చు. అనలే.

నిన్న సాయంత్రం కేతేపల్లి పోయిన. ఖబరస్తాన్‌కు ఆడోళ్లు రారు. యాదమ్మ గేటు కాడ్నే ఆగిపోయింది. సరిత నా చెయ్యి పట్టుకున్నది.

"మామా, మేం లోపలికి రావొద్దంట. మా పేరు మీద నువ్వు మట్టి వెయ్."

యాదమ్మ పేరు మీద ఒక పిడికెడు వేసిన. సరిత పేరు మీద ఒకటి.

నా పేరు మీద వేద్దామని వంగిన. చెయ్యి లేవలే.

పోయి రా అక్కా. గంప దించినవ్ గద, ఇగ ఎత్తకు. నీ చేతులకు జర ఆరాం దొరకాలె.