పెద్దమ్మ గండుచీమలు

దవాఖానలో ఉన్న పెద్దమ్మ పోయిందని జనగామ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను రేగొండలో మా ఇంట్లో బియ్యం చెరుగుతున్నాను. చేట పక్కన పెట్టాను. ఏడుపు కంటే ముందు భయం వేసిందంటే నమ్ముతారా? ఆమె పెంచుకున్న చీమలు ఇక నావి. "నా తర్వాత ఇవి నీకే బిడ్డా, ఇంకెవ్వలు సూడరు" అని పోయిన వానకాలమే చెప్పింది. నవ్వుతూ తలూపాను. ఇంత తొందరగా పోతుందని ఎవరనుకున్నారు?

మీరు సరిగ్గానే చదివారు, చీమలే. మా అమ్మకు అక్క అయిన ఈ పెద్దమ్మ, జనం కుక్కల్నీ చిలకల్నీ సాకినట్టు గండుచీమల్ని సాకింది. పుచ్చిన కర్రను తొలిచి గూడు కట్టుకునే నల్లటి పెద్ద చీమలు. అదీ ఎక్కడ? బెల్లం, చక్కెర అమ్మే కిరాణా దుకాణం వెనక గదిలో! ఆమె కొడుకు, నాకు అన్న, తల పట్టుకునేవాడు. "బెల్లం దుకాణంల చీమల్ని సాదుతరా అమ్మా? జనం ఇంటె గిరాకి అస్తదా?"

"బయటి చీమలు లోపటికి రాకుండ నువ్వు సూస్కో. నా చీమలు బయటికి పోకుండ నేను సూస్కుంట" అనేది.

పెద్దనాయిన పోయిన ఏడు, తొలి వాన పడిన సాయంత్రం, దుకాణంలో ట్యూబులైటు చుట్టూ రెక్కల చీమలు ముసిరాయట. ఒకటి తక్కెడ పళ్లెంలో పడి రెక్కలు రాల్చుకుంది. అది రాణిచీమ. పెద్దమ్మ దాన్ని ఊడ్చిపారేయలేదు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుని, నీళ్లూ దూదీ పెట్టిన గాజు గొట్టంలో దాచింది. ఆ రాణి చీకట్లో ఒంటరిగా గుడ్లు పెట్టి, తాను తిండి లేకుండానే పిల్లల్ని సాకింది. "ఒక్కతే ఇల్లు నిలవెట్టుకున్నది సూడే" అని నాకు ఫోన్ చేసి మురిసిపోయింది. పెద్దనాయిన పోయాక ఆమె గొంతులో సంతోషం వినడం అదే మొదలు.

నాకేమో చీమలంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు ఆ దుకాణంలోనే గోనె సంచుల మీద పడుకుంటే చెవిలో చీమ దూరింది. తల లోపల గీకుతున్న ఆ చప్పుడు ఇప్పటికీ మరిచిపోలేదు. పెద్దమ్మే ఒళ్లో పడుకోబెట్టుకుని, గోరువెచ్చని నూనె పోసి దాన్ని తీసింది. అలాంటి నాకా ఈ ఆస్తి! నీకు భయం కాదా అని ఒకసారి అడిగితే, చీమల పెట్టె మూత తీస్తూ నవ్వింది. "కాకేంది? రోజు చెయ్యి వణుకుతది. వణికినా మెల్లగ తియ్యాలె, గంతే."

గుంపు పెరిగాక గొట్టం నుంచి మార్చిన ఆ గాజు పెట్టె అంచుకు లోపలివైపు చూపుడువేలితో ఆముదం రాసేది. ఆ జిగట దాటి చీమలు రావు. తర్వాత బెల్లం నీళ్లలో ముంచిన దూది పెట్టి, అప్పుడు వెళ్లి దుకాణం షట్టర్ ఎత్తేది.

మా ఇళ్లలో చావు జరిగితే ఇల్లు కడిగి, గదిగదికీ సాంబ్రాణి పొగ వేస్తారు. జనగామలో దహనం ముగిసి వచ్చాక అన్న నిప్పుల పళ్లెం పట్టుకుని దుకాణం వెనక గదిలోకి పోతున్నాడు. పరుగెత్తి అడ్డం నిలబడ్డాను.

"అన్నా, ఆగు జర! చీమలున్నయ్, పొగకు సస్తయ్!"

"మనిషే పాయె, చీమలేందే?" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. కానీ ఆగాడు. "తీస్కపో మరి. నేనైతె ముట్ట."

పక్క గదుల పొగ చేరి అప్పటికే ఆ గది మసకబారింది. దగ్గుకుంటూ పెట్టె తెచ్చాను. చీమలన్నీ ఒక మూల కుప్పగా పడి ఉన్నాయి, కదలిక లేదు. రాణి కనబడలేదు. రాణి చస్తే ఇక గుడ్లుండవు, మిగిలినవి ఒక్కొక్కటే రాలిపోతాయి. పెద్దమ్మ నిలబెట్టుకున్న రెండో సంసారం నా చేతుల్లో ముగుస్తుందేమో అనుకున్నాను.

దినాలకు మళ్లీ వస్తానని చెప్పి, పెట్టెను ఆమె పాత చీరలో చుట్టి బస్సెక్కాను. దారి పొడవునా రెండు చేతులతో మూత అదిమి పట్టుకున్నాను. అవి బతికున్నాయేమోనని ఒక భయం, బతికి లేవేమోనని ఇంకో భయం. పక్క సీటామె ఆశగా చూసి, "మిఠాయా అక్కా?" అంది. అవునన్నాను.

తెల్లారాక పెట్టెను కిటికీ దగ్గర పెట్టి, మూత తీశాను. చెయ్యి వణికింది. మెల్లగానే తీశాను. బెల్లం నీళ్ల దూది పెట్టి చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి కుప్ప కదిలింది, మధ్యలోంచి లావుపాటి రాణి మీసాలు ఆడిస్తూ బయటపడింది. అప్పుడు ఏడ్చాను, వెక్కి వెక్కి.

మిగతావి ఒకటొకటిగా గాజు గోడ ఎక్కడం మొదలుపెట్టాయి. ఆమె దవాఖానలో ఉన్నన్నాళ్లూ అంచుకు నూనె రాసినవాళ్లు లేరు. ఎండకు చూస్తే, చిక్కబడిన ఆ పాత ఆముదంలో పెద్దమ్మ వేలి గీతలు కనిపించాయి. రాయకపోతే చీమలు దాటి వచ్చేస్తాయి. రాస్తే ఆ గీతలు పోతాయి.

వేలు ఆముదంలో ముంచాను. ఆమె వేలు పోయిన దారినే నా వేలు పోయింది. పైకెక్కి వచ్చిన ఒక గండుచీమ అంచు కింద ఆగి, మీసాలెత్తి, నా వేలి వైపే చూస్తోంది.