రంగు చెబితే చాలనుకున్నాను

ఈ మాట మీతోనే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు కనుక. ఏళ్ళ తరబడి మోస్తున్నాను. మా ఇంట్లోవాళ్ళకి కూడా తెలియదు. నవ్వుతూనే తిరిగాను, పెళ్ళిళ్ళకి వెళ్ళాను, పొన్నూరులో మా అక్క గృహప్రవేశానికి తెల్లవార్లూ పనిచేశాను. కానీ రేపల్లె బస్సు కనబడితే చాలు, ముఖం పక్కకి తిప్పుకునేదాన్ని.

తెనాలిలో ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టుని. డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళినవాళ్ళకి మందుల మీద అనుమానం వస్తే అడగడానికి మా దగ్గర ఒక ఫోనుంది. ఎత్తేది నేనే. మా వైపు మందు పేరు ఎవరూ చెప్పరు. ఎర్రబిళ్ళ, పొడుగుబిళ్ళ, చేదుబిళ్ళ అంటారు. నేనూ అలాగే జవాబిచ్చేదాన్ని. పేర్లు అడిగితే పెద్దవాళ్ళు కంగారుపడతారు, నాకైతే రంగు చెబితే చాలు అని గొప్పగా ఉండేది. ఆ గొప్పే కొంప ముంచింది.

రేపల్లె దగ్గర నుంచి నాగమణి అనే ఆమె ఫోను చేసింది. గుండె జబ్బుతో మా దగ్గర ఉండి వెళ్ళిన మామగారికి మందులు ఆమే ఇచ్చేది.

"వారం తర్వాత ఒక బిళ్ళ ఆపమన్నారు కదమ్మా. ఏదండీ అది?"

"చిన్న తెల్లబిళ్ళ. ఆపేయండి" అన్నాను.

నా మనసులో ఉన్నది నిద్రమాత్ర. మా ఆసుపత్రి మందుల షాపులో అది చిన్నగా, తెల్లగా ఉంటుంది. వాళ్ళేమో మందులు రేపల్లెలో కొనుక్కున్నారు. అక్కడి నిద్రమాత్ర గులాబీ రంగుది. వాళ్ళింట్లో చిన్న తెల్లబిళ్ళంటే, ఒంట్లో నీరు లాగే మాత్ర. ఎక్కడ కొన్నారని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఎందుకు అడగలేదు? తొందరా? ఆ రోజు ఇంకో ఫోను కూడా మోగలేదు. నాకు తెలుసుననుకున్నాను, అంతే.

కొన్నాళ్ళకి ఆయన్ని ఆయాసంతో, వాచిన కాళ్ళతో తీసుకొచ్చారు. బతికారు. మీరు భయపడకుండా ముందే చెబుతున్నాను. కానీ నన్ను ఇన్నాళ్ళు తిన్న తప్పు ఆ జవాబు కాదు. దాని తర్వాతది.

వార్డులో నేనూ ఉండగా, నీరు లాగే మాత్ర ఎందుకు ఆపావని డాక్టరుగారు నాగమణిని నిలదీశారు. ఫోనులో ఆపమన్నారండి అందామె. అందరూ నా వైపు చూశారు.

"నేను నిద్రమాత్ర ఆపమన్నానండి" అన్నాను.

నిద్రమాత్ర అన్న మాట ఆ ఫోనులో నా నోట రానేలేదు. అది నాకు తెలుసు, ఆమెకు తెలుసు. "తెల్లబిళ్ళన్నారు కదమ్మా" అని మెల్లగా అంది. పక్కనున్న అత్తగారు, "ఇంక ఆయన మందుల జోలికి రామాక" అంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తర్వాత వాళ్ళు చెకప్‌కి వచ్చినప్పుడల్లా మందుల సంచి అత్తగారి చేతిలోనే ఉండేది. నాగమణి వెనక నుంచునేది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఈ ఫోను వల్ల ఉపయోగముందో లేదో చూడమని మా ఆసుపత్రివాళ్ళు బాపట్ల నుంచి ఒక మేడంగారిని పిలిపించారు. ఫోను చేసినవాళ్ళతో ఆమెను మాట్లాడించే పని నేనే మీద వేసుకున్నాను. రేపల్లె వైపు ఒక్కరినీ కలపలేదు. అందరూ బాగుందన్నారు. నాకు చప్పట్లు కొట్టారు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారే, అలా దొరనైపోయాను. నేను చెడ్డదాన్నా? పిరికిదాన్నా? పిరికితనం అని పేరు పెట్టుకుంటే కాస్త తేలిగ్గా ఉంటుందని అలా అనుకుంటున్నానా?

ఈ ఏడు మేడంగారు మళ్ళీ వచ్చారు. ఈసారి, మీ జవాబు వల్ల ఎవరైనా ఇబ్బంది పడ్డారా అని అడిగారు. లేదండి అనబోయాను. ఎందుకో నోరు రాలేదు. మొత్తం చెప్పేశాను. ఏడ్చాను కూడా. ఆమె నన్ను ఊరడించలేదు, తిట్టలేదు, అంతా రాసుకున్నారు. ఇప్పుడు మా ఫోనులో రంగుల మాట లేదు. అట్ట మీద పేరు చదవమంటాం, చదవలేకపోతే ఫోటో పంపమంటాం. మొన్న బాపట్ల నుంచి ఒకాయన పంపిన ఫోటోలో ఇలాంటి తేడాయే దొరికింది. ఆ పూటంతా నాకు పట్టరాని సంతోషం.

నిన్న నాగమణికి ఫోను చేశాను. ఆ రోజు తెల్లబిళ్ళే అన్నానని, ఆమె నేను చెప్పినట్టే చేసిందని, వార్డులో అబద్ధమాడింది నేనని చెప్పాను.

"నాకెందుకండీ చెబుతారు? నాకు తెలుసుగా" అంది. "ఉండండి, అత్తయ్యకిస్తాను."

ఫోను చేతులు మారిన చప్పుడు. ఎవరే అని ఆ పెద్దావిడ అడుగుతోంది. నేను గొంతు సవరించుకుని, మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.