అక్క కోసం అడగని మాట

మంచిర్యాల ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకం చదివాను. తల్లిదండ్రుల్ని సన్మానించమన్న బైబిలు ఆజ్ఞను చైనా క్రైస్తవులు తమ ప్రాచీన గురువు కన్ఫ్యూషియస్ చెప్పిన పితృభక్తి బోధతో కలిపి చదువుకున్నారట. తండ్రి తప్పు చేస్తే కొడుకే చెప్పి ఆపాలని కూడా ఆ గురువే బోధించాడట.

డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలో మా సండేస్కూలు సారుకు ఆ గురువు పేరే తెలియదు. పాఠం మాత్రం అదే, అదీ సగమే. తండ్రికి ఎదురు చెప్పని పిల్లలకే రంగుల క్రిస్మస్ కార్డు ఇచ్చేవాడు.

ఆ రోజుల్లోనే బొగ్గుబాయిలో పనిచేసే మా బాపు, పెళ్లి చేస్తానని అక్కను తొమ్మిదిలో బడి మాన్పించాడు.

"తమ్మీ, నువ్వు చెప్తే ఇంటడు. నన్ను పది రాయనియ్యుమని అడుగురా."

"బాపుకు ఎదురు చెప్తే పాపమక్కా."

"అబ్బో, పెద్ద పాస్టరువైనవ్!" అంటూనే కళ్లు తుడుచుకుంది.

ముసలితనంలో, అక్క చదువు మాటొచ్చినప్పుడు బాపు అన్నాడు: "గప్పుడు ఇంట్ల ఒక్కలన్న వద్దంటే ఆగేటోన్నిరా."