తేనెలో నూరిన బిళ్ల

మా చిన్నప్పుడు... శ్రావణమాసం ముసురు. రెండు రోజులు ఆగిన మండపేట రైసుమిల్లు ఆ పొద్దున్నే మళ్లీ తిరిగింది. మా నాన్నకి అందులోనే పని. ఊక దుమ్ములో ఒక పూట నిలబడి, మధ్యాహ్నానికి ఆయాసంతో ఇంటికి వచ్చేశారు.

పాత జబ్బే... ఊపిరితిత్తులది. అంతకు ముందు వారమే డాక్టరుగారు కొత్త బిళ్ల రాశారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. పొద్దుటిది నాన్న మింగే వెళ్లారు.

"రాత్రిదాకా ఎందుకు? ఇప్పుడే నూరి ఇస్తే వేగంగా పట్టుద్ది," అంది మామ్మ.

నాన్న రోజూ బిళ్ల తనే మింగేసేవారు గానీ, మామ్మ చేతిమీదుగా ఇచ్చేదైతే శొంఠి అయినా, మాత్ర అయినా కల్వంలో పడాల్సిందే, తేనె కలపాల్సిందే. నూరే పని నాది. మెత్తగా నూరి ఇచ్చాను.

కాసేపటికి నాన్నకి వాంతులు మొదలయ్యాయి. చేతులు వణికాయి. గుండె కొట్టుకోవడం బనీను మీద కనబడింది... మామ్మ పరుగున వెళ్లి రిక్షా తెచ్చింది, ఆసుపత్రికి తీసుకెళ్లాం.

"ఏం వేశారమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"ఆయ్, మీరిచ్చిన బిళ్లేనండి. తేనెలో నూరి ఇచ్చామండి."

ఆయన సెలైను పెట్టించి, నాడి పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నా వేళ్లకు ఇంకా తేనె జిగురు ఉంది.

చీకటి పడేలోపు వణుకు తగ్గింది. అప్పుడు అడిగారు. "కాలవకి లాకులెందుకు, మామ్మగారూ?"

"నీళ్లన్నీ ఒక్కసారే మీద పడకుండానండి."

"ఈ బిళ్లకీ లోపల లాకులుంటాయి. పన్నెండు గంటలు కొంచెం కొంచెం వదులుద్ది. మీరు లాకులే బద్దలుకొట్టారు. పైగా పొద్దుటి దానిమీద ఇంకోటి!"

మామ్మ నావైపు చూపించింది. "నూరింది ఇదేనండి." చెయ్యి దించి, "నూరమంది నేనేలెండి," అంది.

నూరకూడదు, నమలకూడదు. ఒకపూట మరిచిపోతే మరుపూట రెండు వేయకూడదు. ఆయాసం ఎక్కువైతే ఇంకో బిళ్ల కాదు, ఆసుపత్రికి రావాలి. వేరే జబ్బుకి మందు రాయించుకున్నా ఈ బిళ్ల సంగతి చెప్పాలి. ఇవన్నీ మామ్మ చేత రెండుసార్లు అనిపించారు.

"చుట్ట మానెయ్యాలి. కానీ మానేసినరోజు నాకు చెప్పండి, పొగ మానితే ఈ మందు ఒంట్లో ఎక్కువ నిలుద్ది, మోతాదు తగ్గించాలి," అన్నారు నాన్నతో.

నాన్న కళ్లు తెరిచి నన్ను చూశారు. "మెత్తగానే నూరావే," అన్నారు. నేను గోడవైపు తిరిగాను.

చుట్ట మానేశారు... డాక్టరుగారికి చెప్పే. ఇప్పుడు పీల్చే మందు కూడా ఉంది. కల్వం నా వంటింట్లో ఉంది, ఏలకులకి తప్ప తీయను. మిక్సీ వచ్చాక దాని చప్పుడు అరుదు... మీ ఇళ్లలో మందు నూరే చెయ్యి ఎవరిది? రాయండి.

మామ్మ పోయి చాలా ఏళ్లయింది. నాన్న ఇవాళ పొద్దున బిళ్ల నూరకుండా అలాగే మింగి, ఎనిమిది గంటల బస్సుకి సామర్లకోట వెళ్లారు.